పరదేశి ఎంచుకున్న గురువు

పరదేశికి అనుమానం ఉగ్గుపాలతోనే వచ్చిందని మునగపాకలో చెప్పుకుంటారు. పెళ్ళి భోజనంలో పక్కవాడు రెండు ముద్దలు తిన్నాక గాని వాడు విస్తట్లో చెయ్యి పెట్టడు. తలనొప్పి మాత్ర కొంటే దాని మీద తేదీ చదువుతాడు, ఆ తర్వాత అమ్మినవాడి మొహం కూడా చదువుతాడు. అలాగని వెర్రివాడేం కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో దిమ్మల రకం చూసే పని వాడిది. అక్కడ అనుమానమే అన్నం పెడుతుంది.

రైతు తెచ్చిన దిమ్మ పసుపుపచ్చగా తళతళ మెరుస్తోందంటే పాకంలో హైడ్రోసు మందు పడిందన్నమాటే. కొనేవాళ్ళు ఆ రంగుకే ఎగబడతారు. నాలుగు రోజులు పోయాక అది వాళ్ళింట్లోనే నల్లబడుతుంది. మందు పడని బెల్లం మొదటినుంచీ నల్లగా, మొద్దుగా, ఎవరికీ పట్టనట్టు ఓ మూల కూర్చుంటుంది. ఇంటికి పరదేశి ఎప్పుడూ ఆ నల్లదే పట్టుకెళ్ళేవాడు. ఈ లెక్క బెల్లం దగ్గర ఆపి ఉంటే నాకు చెప్పడానికి కథే ఉండేది కాదు. వాడు మనుషులకి కూడా అదే లెక్క కట్టాడు.

రెండువేల ఆరులో వాడికి జిల్లా బాడీబిల్డింగు పోటీలో నిలబడాలని పిచ్చి పట్టింది. వ్యాయామం చిన్నప్పటినుంచీ ఉంది గాని పోటీ ఎప్పుడూ ఎరగడు. ఇంట్లో ఆ మాట ఎత్తడానికే భయం. ఎందుకంటే వాడి అన్న సత్తియ్య ఆ పిచ్చిలోనే పోయాడు. ఎవడో ఇచ్చిన సూదులు వేసుకుని, కండలు పెంచి, ఓ కప్పు తెచ్చి, ఆ తర్వాత కిడ్నీలు పాడై విశాఖ ఆసుపత్రిలో మంచం మీద కర్రలా ఎండిపోయి పోయాడు. ఆ కప్పుని తల్లి కాసులమ్మ పాతసామాన్లవాడికి తూకానికి వేసేసింది.

చాలా నెలలు బతిమాలితే కాసులమ్మ చివరికి ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు వాడి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

“గుడ్లు తింటావో, కోళ్ళే తింటావో నీ ఇట్టం. మందు మాత్తరం నీ ఒంట్లోకి ఎల్లకూడదు. ఎల్లిందా, నాకు ఇద్దరు కొడుకులూ లేనట్టే.”

వాడు సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పోటీకి తయారుచేసేవాళ్ళు అనకాపల్లిలో ఇద్దరే. ఒకడు జెఫ్రీ. మెయిన్ రోడ్డులో బట్టలకొట్టు పైన కొత్తగా జిమ్ పెట్టాడు. నాలుగు గోడలకీ అద్దాలు, ఏసీ, చెవులు హోరెత్తే పాటలు. గుమ్మం పక్కన జెఫ్రీదే నిలువెత్తు ఫోటో, ఒళ్ళంతా నూనె రాసుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. పరదేశి ఆ ఫోటో ముందు నిలబడి చాలాసేపు వెతికాడు. ఒక్క మచ్చ దొరకలేదు. ఇంకేం, హైడ్రోసే అనుకున్నాడు.

జెఫ్రీ మర్యాదగా కూర్చోబెట్టాడు. చొక్కా విప్పించి అద్దం ముందు అటూ ఇటూ తిప్పి చూశాడు. భుజాలు బాగున్నాయన్నాడు, వీపు పరవాలేదన్నాడు, తొడలు మాత్రం అసలు లేనే లేవన్నాడు. పరదేశి సూదుల సంగతి అడిగితే, తను వెయ్యనని, వేసుకున్నాడని తెలిస్తే ఎవణ్ణయినా బయటికి పంపేస్తానని చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. గెలుస్తానా అని అడిగాకే వచ్చింది తంటా.

“మొదటిసారికి గెలవవు బ్రదర్,” అన్నాడు జెఫ్రీ. “మందు లేకుండా నిలబడితే అయిదో ప్లేసో, ఆరో ప్లేసో వత్తాది. రెండేళ్ళు కష్టపడితే అప్పుడు సూద్దాం. ఈలోగా ఎవడైనా గెలిపిత్తానంటే ఆడి దగ్గరికి ఎల్లకు.”

ఈ మాట విని మనమైతే దండం పెట్టి ఆ రోజే చేరిపోతాం. పరదేశి అలాంటివాడా? మెట్లు దిగుతూ ఆ మాటని అన్ని వైపులా తిప్పి చూశాడు. వ్యాపారం చేసుకునేవాడు వచ్చిన బేరాన్ని చెడగొట్టుకుంటాడా? ఇందులో ఏదో మెలిక ఉంది. రెండేళ్ళు కట్టిపడేసుకోడానికి ఎత్తయినా అయి ఉండాలి, భయపెట్టి కండలకని అమ్మే పొడి డబ్బాలు అంటగట్టడానికైనా అయి ఉండాలి. బల్ల వెనక పేర్చిన డబ్బాలు వాడు ముందే చూసిపెట్టుకున్నాడు. వాటిలో ఒక్కటీ కొనమని జెఫ్రీ అనకపోవడం ఇంకా పెద్ద అనుమానమైంది.

రెండోవాడు త్రినాధరావు. గవరపాలెంలో మూతపడిన రైసుమిల్లు షెడ్డులో వ్యాయామశాల నడుపుతాడు. యాభై దాటిన మనిషి, నల్లగా, బిగువుగా ఉంటాడు, లుంగీ మోకాళ్ళ పైకి కట్టి తిరుగుతాడు. షెడ్డులో సిమెంటు పోసి చేసిన డంబెల్సు, తుప్పు పట్టిన రాడ్లు, గోడకి ఆంజనేయస్వామి పటం. అద్దం లేదు, ఫోటో లేదు. ఒకప్పుడు అక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదట. జెఫ్రీ ఏసీ పెట్టాక కుర్రాళ్ళంతా అటు పోయారు, ఇక్కడ నలుగురైదుగురు మిగిలారు.

పరదేశి గుమ్మంలో నిలబడే పైకప్పు రేకుల నుంచి నేలమీది దుమ్ము దాకా చూశాడు. వాడి ప్రాణం కుదుటపడింది. ఈ దుమ్ములో ఎవడూ ఎవణ్ణీ మోసం చెయ్యలేడనిపించింది.

త్రినాధరావు చొక్కా కూడా విప్పమనలేదు. కింద నుంచి పైకి ఒక్క చూపు చూసి, ఫస్టు ప్రైజు నీదేరా అనేశాడు. పరదేశి సూదులు మాత్రం వద్దని గట్టిగా చెప్పాడు.

“సూదులెందుకురా గుంటడా, నానున్నాను కదా,” అన్నాడు త్రినాధరావు.

ఇదే మాట ఆ అద్దాల గదిలో జెఫ్రీ అని ఉంటే వీడు వెనక్కి తిరిగి చూడకుండా పారిపోయి ఉండేవాడు. షెడ్డులో విన్నాడు కాబట్టి గురువుగారి కాళ్ళకి దండం పెట్టాడు.

సాధన మొదలైంది. త్రినాధరావు మంచి పనివాడే, ఆ మాట కాదనకూడదు. తెల్లారకుండానే షెడ్డు తెరిచేవాడు, పక్కనే నిలబడి ప్రాణం పోయేదాకా బరువులెత్తించేవాడు, లేని తొడలు తెప్పించాడు. కొన్నాళ్ళు పోయాక చిన్న చిన్న పొట్లాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. పాత పేపరు ముక్కలో కట్టిన గోధుమరంగు పొడి. కొండమీంచి తెలిసినవాళ్ళు తెచ్చే వేళ్ళపొడి అని, రోజూ పాలల్లో కలుపుకోమని చెప్పాడు. దాని మీద పేరు లేదు, తేదీ లేదు. తలనొప్పి మాత్ర మీద తేదీ చదివే మనిషి ఆ పొడి కలిపి గటగటా తాగేశాడు. మెరవని కాగితం కదా, ఇంకేం కావాలి?

ఒళ్ళు పొంగింది. ఇంకో మాట లేదు, పొంగింది. చొక్కాలు పట్టడం మానేశాయి. మార్కెట్లో బరువులు మోసే కలాసీలు చుట్టూ మూగి చెయ్యి నొక్కి చూసేవాళ్ళు. ఏటి బావా, ఏం తింటన్నావని అడిగితే ‘గుడ్లు’ అనేవాడు. కొట్టు యజమాని కూడా వచ్చినవాళ్ళకి వీణ్ణి చూపించి మా కుర్రాడేనని చెప్పుకునేవాడు. పరదేశికి ఆ రోజుల్లో జన్మలో లేనంత సంతోషంగా ఉండేది. అద్దం దొరికిన చోటల్లా ఆగేవాడు.

ఒకరోజు గుడ్ల కొట్టు దగ్గర జెఫ్రీ ఎదురయ్యాడు. నవ్వలేదు. పరదేశి మెడ, బుగ్గలు పరీక్షగా చూసి, ఏం వాడుతున్నావని అడిగాడు. ఏమీ లేదన్నాడు పరదేశి. పోనీ ఒకసారి బీపీ చూపించుకోమని, డాక్టరు తనకి తెలిసినవాడేనని, కావాలంటే తోడు వస్తానని జెఫ్రీ అన్నాడు. పరదేశికి ఒళ్ళు మండింది. చూశావా, చేతికి రాని శిష్యుడు గెలిచేలా ఉన్నాడని వీడికి కుళ్ళు. పోటీ ముందు మనసు చెడగొట్టడానికి వచ్చాడు. ఆ డాక్టరు కూడా వీడి మనిషే అయి ఉంటాడు. గుడ్ల అట్ట అందుకుని తన దారిన వచ్చేశాడు.

పోటీ ఇంకా వారం ఉందనగా ఆదివారం పొద్దున్న కాసులమ్మ వాడికి తలంటి పోయడానికి కూర్చోబెట్టింది. తలకి నూనె పెట్టింది, భుజాలకి రాసింది, వీపు మీదకి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వీపంతా ఎర్రగా, పెద్ద పెద్ద కురుపులు.

“సత్తిగాడికీ ఇలాగే లేచేయి,” అంది.

అంతే. గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. వేడికి వచ్చాయమ్మా, చెమటకి వచ్చాయమ్మా అని వాడు తలుపు అవతల నుంచి అరిచాడు. ఆవిడ గడియ పెట్టేసింది. పరదేశికి రోషం వచ్చింది. పొట్లం జేబులో వేసుకుని, గురువుగారి నోటనే చెప్పించి తల్లి నోరు మూయించాలని షేర్ ఆటో ఎక్కాడు.

త్రినాధరావు షెడ్డు ఊడుస్తున్నాడు. పొట్లం చూపించి, ఇందులో వేళ్ళపొడి తప్ప ఏమీ లేదని మా అమ్మకొచ్చి చెప్పమన్నాడు పరదేశి. త్రినాధరావు చీపురు గోడకి ఆనించాడు.

“మాత్తర్లు నూరి కలిపేను. కండ మాత్తర్లు. సూది ఒద్దన్నావు, సూది ముట్టుకోనేదు,” అన్నాడు నింపాదిగా.

పరదేశి పొట్లం వంక, ఆయన వంక మార్చి మార్చి చూశాడు. త్రినాధరావు మొహంలో దొంగతనం లేదు, వింతపడుతున్నాడంతే.

“నీకు తెల్దేటి? తెలుసనే అనుకున్నాను. నెల తిరక్కుండా అంత కండ గుడ్లకే వచ్చిందనుకున్నావేట్రా?” ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “ఒక్క వారం. టేజీ ఎక్కి కప్పు ఒట్టుకొచ్చీ. తరవాత మానేద్దువు గాని. ఈ సెడ్డు పేరు మైకులో ఇనపడి ఎన్నాళ్ళయిందో నీకేటి తెలుసు?”

పరదేశి ఆ చెయ్యి తోసేసి బయటికి వచ్చాడు. రోడ్డు మీద నడుస్తూ త్రినాధరావుని తిట్టాల్సినవన్నీ తిట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, తిట్ల మధ్యలో ఒక్క వారమే కదా అన్న మాట కూడా తిరిగింది. అన్న ఏళ్ళ తరబడి వాడాడు, తను రెండు నెలలు. గెలిచి వచ్చి మానేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ మాట తనకే వినబడి భయం వేసింది. అన్న కూడా ఇలాగే అనుకుని ఉంటాడు. కాళ్ళు మెయిన్ రోడ్డు వైపు తిరిగాయి.

జెఫ్రీ చర్చి నుంచి అప్పుడే వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఎగతాళి చేస్తాడని పరదేశి పళ్ళు బిగించి నిలబడ్డాడు. జెఫ్రీ పొట్లం విప్పి చూసి, మళ్ళీ మడిచి, స్కూటర్ తీశాడు. డాక్టరు బీపీ చూసి రెండోసారి కూడా చూశాడు. రక్తం తీయించాడు. కిడ్నీలు ఇప్పటికి నిలబడ్డాయి గాని ఇంకొన్నాళ్ళు తాగి ఉంటే చెప్పలేనని సాయంత్రం రిపోర్టు చూసి అన్నాడు. పోటీ ఊసెత్తితే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కుదరదన్నాడు. జెఫ్రీయే నిర్వాహకులకి ఫోన్ చేసి పేరు కొట్టేయించాడు.

మళ్ళీ ఏడాది నన్ను చేర్చుకుంటావా అని పరదేశి అడిగాడు. జెఫ్రీ వెంటనే ఊ అనలేదు. చూద్దాం, ముందు నువ్వు వాడడం లేదని నాకు నమ్మకం కుదరాలి కదా అన్నాడు. జీవితమంతా ఇతరుల్ని అనుమానించినవాడికి ఆ చూపు తన మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తలవంచుకుని బస్సెక్కాడు.

ఇంటికొచ్చేసరికి కాసులమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. వాడు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. వేళ్ళపొడి అన్నాడని, నూరి కలిపి మోసం చేశాడని, డాక్టరు పరవాలేదన్నాడని, పోటీ నుంచి పేరు తీయించేశానని. ఆవిడ వినాల్సిందంతా విన్నది. ఒక్కదానికీ తలూపలేదు. పెద్ద కొడుకు కూడా ఇలాంటి మాటలు చాలా చెప్పాడు, ఆవిడ అప్పుడన్నీ నమ్మింది.

చివరికి ఒకటే అడిగింది. “నాను సేసిన సారులో కూడా ఏదో పడిందని గరిట తిప్పి సూసీవోడివి. ఆ పొట్లాన్ని ఎందుకు అనుమానించలేదురా?”

పరదేశి చాలా జవాబులు వెతికాడు. గురువుగారి దుమ్ము షెడ్డు, పాత పేపరు, లుంగీ, అన్నీ గుర్తొచ్చాయి. మార్కెట్లో నలుగురూ చెయ్యి నొక్కి చూస్తుంటే కలిగిన సంతోషం వాటన్నిటికీ అడ్డొచ్చింది.

“అనుమానం వచ్చిందమ్మా,” అన్నాడు. “గెలుత్తానని ఊరుకున్నాను.”

వాడు చెప్పిన వాటిలో ఆ ఒక్క మాటే కాసులమ్మ నమ్మింది.