వెనక తలుపు సీను

చొక్కాల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. ఊపిరి పీల్చుకోవడానికి కూడా తీరిక లేని వేళ, కాలర్లు కుట్టే వదినకు సూపర్‌వైజర్ గది నుంచి పిలుపొచ్చింది. నిజంగా ఆమెను వదినా అని పిలవాల్సింది పక్క వరసలో కుట్టే ఆడపడుచు ఒక్కతే. అది విని షెడ్డంతా అదే పిలుపు పట్టుకుంది. పిలిచింది తాము తీసిన సినిమా గురించేనని వదినకు తెలుసు. మిషను ఆపి వెళ్ళింది.

ఆ సినిమాను మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళే తీశారు, భోజనాల వేళ, ఎవరి అనుమతీ అడక్కుండా. కెమెరా అంటే నేల తుడిచే కర్రకు కట్టిన వదిన పగుళ్ళ ఫోను. సంగీతమంటే కత్తెరలూ టిఫిన్ మూతలూ. ఇక కథ సూపర్‌వైజర్‌గారి దర్జా. ఆడపడుచు చొక్కాలో గుడ్డపీలికలు కుక్కుకుని, బొజ్జ ముందుకు తోసి ఆయన వేషం వేసింది. ఎవరెలా చేసినా రెండోసారి తీయకూడదన్నది వాళ్ళ పంతం. "వంకర కుట్టయితే ఏంటి, మన కుట్టేగా" అనేది ఆడపడుచు. మొన్న సాయంత్రం సందులో దుప్పటి కట్టి చూపిస్తే జనం పడీపడీ నవ్వారు. ఆ తర్వాత అది ఫోన్లెక్కి ఎక్కడెక్కడికో పోయింది.

సూపర్‌వైజర్ కూడా నవ్వుతూనే కూర్చోమన్నాడు. ఎన్నడూ లేని మర్యాద అది. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"నా నడక భలే పట్టారమ్మా. మా ఆవిడైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దానికి నాకేం బాధ లేదు. ఇదిగో, ఇదొక్కటి తీసెయ్యండి."

తన ఫోనులో బొమ్మ ఆపి చూపించాడు. ఆడపడుచు బొజ్జ ఊపుకుంటూ నడుస్తోంది. ఆమె వెనక, మంటలొస్తే బయటపడటానికి పెట్టిన తలుపు. దానికి గొలుసు, గొలుసుకు తాళం. గుడ్డలు దొంగిలిస్తారని వేసిన తాళం.

ఆ సీను తీసిందీ వదినే, ముక్కలన్నీ అతికించిందీ తనే. రోజూ చూసే తాళం కదా, కంటికి ఆనలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఆ తాళం ఏంటని సరుకు కొనేవాళ్ళు అడుగుతున్నారు. మంచి కెమెరా తెప్పిస్తా. ఆ సీను మళ్ళీ తీద్దాం, తలుపు బార్లా తెరిచి."

"ఎన్నాళ్ళు తెరిచి ఉంచుతారు సార్?"

"సీను అయ్యేదాకా."

"తర్వాత?"

"తర్వాతి సంగతి నీకెందుకమ్మా? నువ్వూ మీ ఆడపడుచూ ఇద్దరూ ఇక్కడే బతుకుతున్నారు. చల్లగా ఉండండి."

ఆమె లేచి షెడ్డులోకి వచ్చింది. ఇస్త్రీ బల్లల దగ్గర ప్లగ్గు కాలిన వాసన వస్తోంది. రోజూ వచ్చేదే, ఎవరూ తలెత్తలేదు. ఆమె తన మిషను దాటిపోయి వెనక తలుపు దగ్గర నిలబడింది.

"వదినా, వచ్చి కూర్చో. సార్ గదిలోంచి చూస్తున్నాడు," అంది ఆడపడుచు గుసగుసగా.

"చూడనీ. ఈ తాళం తీసేదాకా నేను మిషను ముట్టను. కెమెరా కోసం కాదే, మన కోసం తీయాలి."

ఆడపడుచు మిషను ఆగింది. కాసేపటికి పక్క మిషనూ ఆగింది. మిగతావాళ్ళు తల దించుకుని కుడుతూనే ఉన్నారు.

సూపర్‌వైజర్ గుమ్మంలోకి వచ్చి వాళ్ళ వంక చూశాడు. అరవలేదు, తిట్టలేదు. వాచ్‌మన్‌కు చెయ్యి ఊపాడు. బయటికి పోవడానికి మిగిలిన ఒకే దారి, ముందువైపు షట్టరు, కిందికి దిగడం మొదలైంది.