గుడారపు మేకు

కంకిపాడు బడిలో మధ్యాహ్న భోజనం వండే అమలమ్మ రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి, మొహం కడుక్కుని, చాప మీద కూర్చుని బైబిలు వాక్యం ధ్యానం చేసుకునేది. గబగబా అధ్యాయాలు చదివేసే రకం కాదు. ఒక వచనం తీసుకుంటే రోజుకో మాట చొప్పున, అది లోపలికి దిగేదాకా మెల్లగా అనుకుంటూ కూర్చునేది. ఆమె అనుకున్న మాట ఇంట్లోకి వచ్చేది. పచ్చిక అనుకున్న రోజు గచ్చు మీద మోకాలెత్తు గడ్డి లేస్తే పక్కింటి రత్తమ్మ కొడవలి తెచ్చుకుని తన గేదెకు కోసుకుపోయింది. నూనె అనుకున్నప్పుడు మాత్రం గడప దగ్గర పోస్ట్‌మాన్ జారిపడ్డాడు. బుడమేరు పొంగిన ఏడాది పాస్టరుగారు స్వయంగా వచ్చి, "అమలమ్మా, ఈ వానలు తగ్గేదాకా ఆ జలప్రళయం ఓడ కథ జోలికి పోకమ్మా" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. ధ్యానం నేర్పింది కూడా ఆయనే. మొదలుపెట్టిన వచనాన్ని మధ్యలో వదలకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క నియమం.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కూతురు వినీల ఇబ్రహీంపట్నం నుంచి ఆటోలో దిగుతోంది. దిగి నిలబడలేకపోయింది. ఆమె మొగుడు జయంత్ థర్మల్ కేంద్రం బూడిద తోలే లారీ నడుపుతాడు. చెంపదెబ్బలతో మొదలైన కాపురం రెండేళ్లలో బెల్టుదాకా వచ్చింది, ఈసారి జాకీ రాడ్డుదాకా వచ్చింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఊడిన రెండు పళ్లు చున్నీ చివర ముడేసుకుని తెచ్చుకుంది. కడుపులో మూడో నెల బిడ్డ ఆటోలోనే పోయింది.

"నన్ను మళ్లీ పంపకమ్మా" అంది ఆసుపత్రి నుంచి వచ్చాక.

"పంపను" అంది అమలమ్మ. ఇదివరకు మూడుసార్లు సంఘం పెద్దలు సర్దిచెప్పారు, మూడుసార్లూ ఆమె తలూపి పంపింది. అది తలుచుకుంటే తన మొహాన తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

సోమవారం ఓదార్పు మాటలున్న పేజీలన్నీ తిప్పేసి, పాతకాలపు యుద్ధాల దగ్గర ఆగింది. ఓడి పారిపోయి వచ్చిన ఒక సేనాపతి ఎవరో ఆడమనిషి గుడారంలో దూరి నీళ్లడుగుతాడు. ఆమె పాలిచ్చి, దుప్పటి కప్పి, వాడు నిద్రపోయాక కణతలో మేకు దిగ్గొడుతుంది. ముప్ఫై ఏళ్లుగా అమలమ్మ చూసీ చూడనట్టు దాటుకుపోయిన చోటు అది.

ఆ రోజు ముందుగదిలో మేక వెంట్రుకల గుడారం లేచింది. మంగళవారం గిన్నెలో పాలు వచ్చాయి. బుధవారం దుప్పటి. గురువారం చాప మీద మూరెడు మేకు, శుక్రవారం దాని పక్కన సుత్తి. వినీల రోజూ వాటిని జరిపి ఇల్లు ఊడ్చింది. ఇంక ఒక్క మాటే మిగిలింది, కణత.

శనివారం పొద్దున్నే జయంత్ వచ్చాడు. తాగింది ఇంకా దిగలేదు. గుమ్మంలోనే వినీల జుట్టు పట్టుకుని, కట్టున్న మొహాన్ని గోడకేసి రెండుసార్లు కొట్టాడు. అడ్డొచ్చిన అత్తను డొక్కలో తన్నాడు. "పద, బండెక్కు. ఆ ఏడుపేదో దారిలో ఏడుద్దువుగాని" అంటూ రొప్పుతూ గుడారంలో కూలబడ్డాడు.

"అత్తా, మంచినీళ్లియ్యి."

అమలమ్మ పాల గిన్నె ఇచ్చింది. తాగి ఒరిగాడు. దుప్పటి కప్పింది. గురక పెట్టాక మేకు తీసుకుని కణత మీద ఆనించింది. వినీల నోటి నెత్తురు తుడుచుకుని సుత్తి అందించింది.

"కానియ్యమ్మా."

అమలమ్మకు చంపాలనే ఉంది. పాపమన్న భయం కూడా లేదు. కానీ వాడి కుడిచెయ్యి దుప్పటి బయట వెల్లకిలా పడి ఉంది. వేళ్ల మధ్య వినీల వెంట్రుకలు ఇంకా చిక్కుకునే ఉన్నాయి. అది చూశాక ఆమెకు కణత సంగతి గుర్తులేదు. మేకును అరచేతి మధ్యకు జరిపి కొట్టింది. మొదటి దెబ్బకు ఎముక విరిగింది, రెండో దెబ్బకు అవతలికి దిగింది, మూడో దెబ్బకు గచ్చులో నాటుకుంది. జయంత్ అరుపుకు రత్తమ్మ గేదె తాడు తెంపుకుంది.

మేకు దిగిన అరచెయ్యి చూసి అమలమ్మ సుత్తి కింద పెట్టేసింది. చిన్నప్పటి నుంచి ఆమె దండం పెట్టుకున్నది సిలువ మీది అలాంటి చేతికే. వీడి చెయ్యి అలా కనబడినందుకు వాడి మీద ఇంకా కోపమొచ్చింది. వచనాన్ని అక్కడే వదిలేసి పుస్తకం మూసింది. గుడారం, దుప్పటి, సుత్తి, మేకు అన్నీ పోయాయి.

చిల్లు మాత్రం ఉండిపోయింది. నెత్తురు కారలేదు, పూడలేదు. డాక్టర్లు ఒక కట్టు కట్టి ఇంటికి పంపేశారు. వేళ్లు ముడుచుకోకపోవడంతో స్టీరింగు పట్టలేక జయంత్ లారీ మానేశాడు.

మూడు నెలలకు పాస్టరుగారు అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. "చూడమ్మా వినీలా, ఈ చెయ్యి ఇంక పిడికిలి పట్టదు. మందు కూడా మానేశాడు. కాపురం నిలబెట్టుకోమ్మా" అన్నారు.

జయంత్ తలొంచుకుని అరచెయ్యి చాపాడు. వినీల ఆ చిల్లులోంచి చూసింది. అవతల వీధిలో వాళ్లొచ్చిన ఆటో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అమలమ్మ కూతురి పక్కకు వచ్చి నిలబడింది.

"ఎడమ చెయ్యి ఉందిగా అయ్యగారూ" అంది వినీల.

జయంత్ ఆ ఎడమ చేతిని వీపు వెనక్కి దాచుకున్నాడు.