కాప్పు కట్టినాక వచ్చిన సూది

మా మీనాంబ మొండిది. ఒగ మాట పట్టుకుందంటే ఎనుము మడుగులో కూర్చున్నట్లే, లాగినా రాదు, తోసినా రాదు. నేనేమన్నా తక్కువా అంటే, కుప్పమ్మ నోరు తిరుత్తణి బస్టాండు దాకా వినిపిస్తాదని మా ఆయనే అంటా ఉండె. అట్లాంటి ఇద్దురికీ, కరోనా సూది పెట్టె మా వీధికి వచ్చిన పొద్దు గొడవ పడింది. ఊరంతా విన్నది. విననీ, నాకేమి సిగ్గు?

మీనాంబ నాకు పరాయిది కాదు, మేనత్త కూతురు. దాని అన్న వెంకటమునినే నేను చేసుకున్నా. ఇద్దురమూ ఒగే అవ్వ చేతి ముద్ద తిని పెరిగినాము, ఒగే పలకను పంచుకొని పగలగొట్టినాము. పెళ్లయి అది అదే వీధిలో ఆ కొసకు పోయింది, అంతే.

మా పల్లెలో ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గంగమ్మకు అంబలి పోసేది మాకు తాతల నాటి ఆనవాయితీ. కుండ ఎత్తే ఆడమనిషి చేతికి ముందుగానే పసుపు కొమ్ము కట్టిన దారం కడతారు. దాన్ని కాప్పు అంటాము. కాప్పు కట్టుకున్న మనిషి ఊరు దాటకూడదు, తాలింపు వెయ్యకూడదు, ఒంటి మీద గాటు పడకూడదు, నెత్తురు చుక్క కనపడకూడదు. ఆదివారం అంబలి పోసి, కుండ బోర్లించినాకనే ఆ దారం విప్పేది. మా అవ్వ తర్వాత మా అత్త, అత్త తర్వాత మీనాంబ ఆ కుండ ఎత్తుతా వచ్చింది. రాగిపిండి పులియబెట్టేది, నూకలు ఉడకేసేది నా పని.

ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పుడూ నోట్లో నీళ్లూరతాయి, కంట్లోనూ ఊరతాయి. రాత్రంతా పులిసిన రాగిపిండి వాసన, కుండ మెడకు చుట్టిన వేపాకు, పక్కన మునగాకు వేపుడు, ఎండుచేపల పులుసు, కొరుక్కునేదానికి చిన్న ఎర్రగడ్డలు. వీధిలో అందురికన్నా ముందు మా ఆయన ఇత్తడి చెంబు పట్టుకొని నిలబడతా ఉండె. ఆ చెంబుకు పక్కన సొట్ట. పెళ్లయిన కొత్తల్లో ఏదో మాటకు కోపమొచ్చి నేనే ఆయన మీదికి విసిరినా. ఆయన వంగినాడు, చెంబు గోడకు తగిలింది. మారుస్తానంటే ఒప్పుకోలేదు. "సొట్ట ఉంటేనే నాదని తెలుస్తాది" అంటా ఉండె. మొదటి గరిటె ఎప్పుడూ ఆయన చెంబులోనే పడాల. "మీనా, మీ వదిన నీళ్లు కలిపి మోసం చేసిందేమో చూడు. పల్చన పోస్తే ఊరుకునేది లేదు!" అని ప్రతి ఏడూ అదే మాట, ప్రతి ఏడూ ఊరంతా నవ్వేది.

కరోనా రెండో ఏడు, ఎండలు ముదరక ముందే సూది మా ఊరికి వచ్చింది. పొన్నేరి పక్క పిల్ల నివేద, నర్సు, బడి వరండాలో నీలం పెట్టె పెట్టుకొని కూర్చునింది. పొద్దున కూర్చున్న పిల్ల సాయంత్రం దాకా ఈగలు తోలుకుంది. ఓట్ల మీటింగులకు వ్యాన్లెక్కి పోయిన జనానికి బడి దాకా నడిచేదానికి కాళ్లు రాలేదు. ఒగరు జొరమొస్తాదనిరి, ఒగరు వేరుశెనగ పీకే పని ఉందనిరి. మా ఆయనేమో, "తొందరేముంది, పక్కింటోళ్లు వేసుకోనీ, చూద్దాము" అనె. పక్కింటాయన మా ఇంటి పక్క చూస్తా కూర్చునె. ఊరంతా ఇట్ల పక్కిల్లు చూసుకుంటా ఉంటే, ముందు లేచేది ఎవురు? ఆ పిల్ల పెట్టె మూసుకొని వెళ్లిపోయింది.

తర్వాత చావులు మొదులైనాయి. అప్పుడు అందురికీ సూది కావాలనిపించింది, సూదేమో లేదు. మా ఆయన తెల్లారకముందే లోకల్ రైలెక్కి తిరువళ్లూరు పోయినాడు. వరసలో నిలబడినాడు, ఈయన వంతు వచ్చేలోపల అయిపోయిందన్నారు. ఆవడిలో మా అక్క కొడుకు కన్నన్ ఫ్యాక్టరీలో ఉండాడు, వాడు ఇక్కడ దొరకతాదంటే ఆడికీ పోయినాడు. ఆడా అంతే. సాయంత్రం ఎండకు మాడిన మొకంతో, చేతిలో అరటిపండ్ల హస్తం పెట్టుకొని వచ్చినాడు. "సూది దొరకలేదు గానీ పండ్లు మాత్రం బలే చవక" అని నవ్వినాడు. ఆ వారంలోనే ఇద్దురికీ జొరం. నేను లేచినా. ఆయన లేవలేదు.

మొకం కూడా సరిగా చూపించలేదు. ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి, దూరంనుంచే దండం పెట్టుకోమన్నారు. నాకు ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. ఎవురి మీదనో నాకే తెలీదు. కర్మ దినం పొద్దు ఆయన సామాన్లు సర్దతా ఉంటే చెంబు కనపడలేదు. ఇల్లంతా తిరగేసినా. "చచ్చినోడి చెంబు ఎత్తుకుపోయే గతి ఎవురికి పట్టింది?" అని వచ్చిన చుట్టాలనందుర్నీ కడిగి పెట్టినా. మీనాంబే నన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించింది.

అట్లుండగా ఆడి వచ్చింది. ఆ ఏడు జనం గుమికూడకూడదని తిరుత్తణి కొండ మీద గుడి కూడా మూసినారు. మా వీధి వరకు అంబలి పోసుకుందామని, మీనాంబ చేతికి కాప్పు కట్టినారు. నన్నెవురూ పిలవలేదు. మొగుడు పోయి ఏడాది తిరగలేదు గదా, రాగిపిండి కూడా వేరేవాళ్లు కలపాల. ఆనవాయితీ నాకు తెలీదా? తెలుసు. అయినా లోపల కలుక్కుమనింది.

కాప్పు కట్టిన మర్నాడు, శుక్రవారం, నివేద మళ్లీ వచ్చింది, అదే నీలం పెట్టెతో. మధ్యాహ్నం దాకా ఒగ పురుగు పోలేదు. ఆ పిల్ల గొడుగేసుకొని ఇంటింటికీ తిరగతా మా ఇంటికి వచ్చె.

"పాట్టి, మీ ఊరోళ్లకు ఇంకా భయమేనా?" అని అరవంలో అడిగింది. అవ్వను అరవంలో పాట్టి అంటారు.

"భయమేమీ లేదు. కుండ ఎత్తే మనిషి చేతికి కాప్పు ఉంది. ఆమె సూది పొడిపించుకోకూడదు. ఆమె వేసుకోకుండా మేమెట్ల వేసుకొనేదని మిగతావాళ్లు" అన్నా.

"ఆదివారం దాకా ఆగేదానికి లేదు పాట్టి. సాయంత్రం పెట్టె ఇంకో ఊరికి పోతాది. మళ్లీ మీ ఊరికి ఎప్పుడిస్తారో నాకే తెలీదు."

"నాకన్నా వెయ్యి మే."

"మీకు జొరమొచ్చి మూడు నెలలు కాలేదు. ఇప్పుడు వెయ్యకూడదు. మీరు తర్వాతే" అని, చెమట తుడుచుకొని పోయింది.

నేను కొంగు నడుముకు చెక్కి నేరుగా మీనాంబ ఇంటికి పోయినా. అది పంచలో కూర్చొని వేపాకు ఈనెలు తీస్తా ఉంది.

"లే. సూది వేసుకుందువు రా" అన్నా.

"కాప్పు కనపడలేదా వదినా?"

"కనపడింది. మీ అన్న బొమ్మ కూడా గోడ మీద కనపడతా ఉంది. దానికి పక్కన నీ బొమ్మకు మేకు కొట్టమంటావా?"

దాని మొకం ఎర్రబడింది. "గంగమ్మకు అపచారం చేసి బతకమంటావా? వీధిలో రేపు ఎవురికేమైనా మీనాంబ దారం తెంచిందంటారు. అన్న పోయిన దుఃఖం నాకు లేదా? నీ ఒక్కదానికేనా?"

"దుఃఖముంటే లే!"

"లేవను!"

ఇట్లా ఎంతసేపు అరుచుకున్నామో. వీధిలో ఆడోళ్లు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చినారు. అరిచి అరిచి అలిసిపోయి, దాని పక్కనే కూలబడినా. ఉక్కకు రవిక చెయ్యి పైకి లాగితే నా పాత టీకా మచ్చలు రెండు కనపడినాయి. అవి చూసినాక అంతా కొంచెం కొంచెంగా గుర్తుకు వచ్చింది.

"మీనా, మన అమ్మోరి సూది గుర్తుందా?"

"ఎందుకు లేదు? సైకిల్ మీద వచ్చినాడు గదా. రూపాయి బిళ్లంత ఇనుప ముక్క, చుట్టూ పళ్లు. చేతి మీద పెట్టి గిర్రున తిప్పినాడు. నేను వామిలో దాక్కున్నా, నువ్వు మంచం కింద."

"అదీ ఆడి నెలే. అవ్వ చేతికి కాప్పు ఉండె. ఊరంతా అవ్వ మొకం చూస్తా నిలబడినారు, ఇప్పుడు నీ మొకం చూసినట్లే. అవ్వ ఏమి చేసింది?"

"నాకేమి తెలుసు, వామిలో ఉంటే?"

"మంచం కిందనుంచి నేను చూసినా. పెద్దవ్వ ఉండె గదా మనింట్లో, అవ్వకు అక్క."

పెద్దవ్వ గురించి చెప్పాల. చిన్నప్పుడే మొగుడు పోయిన మనిషి. మొకమంతా అమ్మోరు పోసిన గుంటలు. తెల్లచీర కట్టుకొని వెనకింట్లో ఉండేది. పండగకు పబ్బానికి ముందుకొచ్చేది కాదు. మా జడలు వేసేది, మాకు అన్నం కలిపి పెట్టేది మాత్రం ఆ మనిషే. పెద్దవ్వ మజ్జిగన్నం ముద్ద చేస్తే ఇంకో ముద్దకు చెయ్యి చాపేవాళ్లం.

"అవ్వ తన చేతి కాప్పు విప్పి పెద్దవ్వ చేతికి కట్టింది. 'నీకు అమ్మోరు ఒకసారి వచ్చి పోయింది, నీకు సూదితో పని లేదు, ఇది నువ్వు పట్టుకో' అనింది. అవ్వ నేరుగా పోయి అందురికన్నా ముందు చెయ్యి చాపింది. అవ్వ వెనక ఊరంతా. ఆదివారం కుండ ఎత్తింది పెద్దవ్వే, నువ్వు సూది జొరంతో పడుకొని ఉంటివి, చూడలేదు. నాకు కరోనా వచ్చి పోయింది మీనా. నాకు ఇప్పుడు సూది లేదంట. నీ కాప్పు నాకు కట్టు."

గుమ్మాల్లో ఉండే ఆడోళ్లు ఒగరి మొకాలు ఒగరు చూసుకున్నారు. ఎవురో, "అయ్యో, ఏడాది కూడా తిరగలేదే!" అన్నారు. "తిరగలేదు. తిరిగేలోపల ఇంకెంతమందిని సాగనంపల్ల?" అని అటు తిరిగి ఒక్క అరుపు అరిచినా.

మీనాంబ తల వంచుకొని వేపాకును చూస్తా ఉంది. కాప్పు ఇచ్చేస్తే ఈ ఏడు కుండ దానిది కాదు. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ఒగ ఏడు కూడా వదలని కుండ. అది వద్దనే అంటాదనుకున్నా.

"వదినా, ఆ రాత్రి పెద్దవ్వ నాకు మజ్జిగన్నం పెట్టింది. ఆ ముద్ద పసుపు వాసనొచ్చింది. 'పెద్దవ్వా, నీ చేతికి పసుపు యాడిది?' అని అడిగినా. ఆమె చెప్పలేదు, నన్ను దగ్గరికి లాక్కొని ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఇన్నేళ్లూ నాకు తెలీదు" అనింది మెల్లగా.

అది తన చేతి ముడి తానే పళ్లతో విప్పింది. నా చెయ్యి తీసుకొని కట్టింది. గాజుల్లేని చెయ్యి గదా, దారం వదులుగా జారింది. ఇంకో ముడి వేసింది. ఇద్దురికీ కళ్లల్లో నీళ్లే. తర్వాత లేచి, చెప్పులు కూడా తొడక్కోకుండా బడి పక్క నడిచింది. దాని వెనక దాని మొగుడు జనార్ధనం, ఆయన వెనక పక్కింటోళ్లు, వాళ్ల వెనక ఆ పక్కింటోళ్లు. నివేద చేతికి ఊపిరాడలేదు. పెట్టె ఖాళీ అయిపోయి, రెండు వీధుల జనం మిగిలిపోయినారు. ఆ పిల్ల ఫోను పట్టుకొని, ఇంకో పెట్టె పంపండని ఎవురినో బతిమాలతా ఉందంట.

నేను మాత్రం గంగమ్మ గుడిసె ముందర ఖాళీ కుండ పక్కన ఒక్కదాన్నే కూర్చున్నా. జనం అరుపులు, నవ్వులు బడి దాకా పోతా వినిపించినాయి. ఇదే వరస ఎండలు ముదరక ముందు కదిలి ఉంటే ఆయన కూడా అందులో ఉండేవాడు. ముందు నిలబడే మనిషి, అంబలికైనా దేనికైనా. ఆ ఒక్కసారి పక్కింటి పక్క చూసినాడు. ఎవురూ లేరు గదా అని గంగమ్మ ముందరే గట్టిగా ఏడ్చినా.

ఆదివారం పొద్దు పిండి నేనే కలిపినా, కుండ నేనే ఎత్తినా. వీధిలో ఎవురూ ఏమీ అనలేదు. సగం మంది చేతులు నొప్పని గిన్నెలు ఎడమ చేతినుంచి కుడిచేతికి మార్చుకుంటా నిలబడినారు. గరిటె ముంచినా. మొదటి గరిటె. ఎవురూ ముందుకు రాలేదు. అందురికీ తెలుసు ఆ చోటు ఎవురిదో. గరిటె పట్టుకొని నేను అట్లే నిలబడిపోయినా.

జనంలోనుంచి మీనాంబ వచ్చింది. కొంగు చాటునుంచి ఇత్తడి చెంబు తీసి నా ముందర పెట్టింది.

పక్కన అదే సొట్ట. ఇల్లంతా తిరగేసినా, చుట్టాలందుర్నీ తిట్టినా, ఈ దొంగ ముండ ఆ పొద్దు నా పక్కనే కూర్చొని నాకు నీళ్లు తాగించింది!

"అన్నది ఒక్కటన్నా నా దగ్గర ఉండాలనిపించింది వదినా. అడిగితే నువ్వు ఇయ్యవని..." అనింది. ముక్కు చీదుకొని, గొంతు సవరించుకొని, వీధంతా వినపడేటట్లు అనింది: "పల్చన పోస్తే ఊరుకునేది లేదు!"

ఎవురూ నవ్వలేదు. నేను కుండ అడుగుదాకా గరిటె పెట్టి కలిపి, చెంబు నిండా చిక్కగా పోసినా. పోస్తా ఉంటే నా బొటనవేలు ఆ సొట్టలో సరిగ్గా పట్టింది.