క్లెమ్ నీళ్లలో పడ్డ చలికాలం

వారం పదిరోజులు ఉండి పోదామనే గానెట్ బేకి వచ్చారు క్లెమ్ హానాఫర్డ్, అతని భార్య గ్లెనిస్. కారు వెనక చక్రాల ఇల్లులాంటి కారవాన్ తగిలించుకుని, గోధుమ చేల మధ్యనున్న తమ ఊరి నుంచి దక్షిణంగా బయల్దేరి, సముద్రం అడ్డమొచ్చిన చోట ఆగారు. ఈస్టర్ సెలవుల జనం అప్పుడే ఖాళీ అయ్యారు. ఊళ్లో మిగిలినవి ఒక బేకరీ, ఒక పబ్బు, నీళ్లలోకి సాగిన చెక్క జెట్టీ, కారవాన్లు నిలిపే మైదానం. వారం గడిచాక గ్లెనిస్ "ఇంకో వారం ఉందామా?" అంది. తర్వాత "నెలాఖరు దాకా" అంది. చలి ముదిరేసరికి అడగడం కూడా మానేసింది.

క్లెమ్ కాదనలేదు. వినేవాళ్లుంటే అతనికి ఏ ఊరైనా ఒకటే. జీవితమంతా సంతలో అరిచి గొర్రెల్ని వేలం వేసిన మనిషి. రిటైరయ్యాక గొర్రెలు పోయాయి, గొంతు మిగిలింది. నెల తిరిగేలోపు ఆ గొంతు చేపల విషయంలో పండితుడైపోయింది. ఏ పోటుకి వైటింగ్ చేప ఒడ్డుకొస్తుందో, ఏ రంగు నీళ్లని నమ్మాలో, ఏ పాయ మనిషిని లోపలికి లాక్కుపోతుందో జెట్టీ మీద ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేవాడు. అక్కడే పుట్టి, అక్కడే ముసలైన జాలర్లకీ చెప్పేవాడు. వాళ్లు మర్యాదస్తులు, తలూపి గాలం వైపు తిరిగేవాళ్లు. ఆ తలూపుడంతా తన జ్ఞానానికి జోహారని క్లెమ్ అనుకున్నాడు. మనిషి తనని తాను మోసం చేసుకోదలిస్తే ఇంకొకరి సాయం అక్కర్లేదని అతనికి తర్వాతెప్పుడో తెలిసొచ్చింది.

ఇంత చెప్పినవాడు ఒక్కటి మాత్రం చెప్పలేదు. అతనికి ఈత రాదు. వాళ్ల ఊళ్లో నీళ్లంటే గొర్రెలు మూతి పెట్టే బురదగుంట, అదీ వానలు పడ్డ ఏడు.

గ్లెనిస్ రోజూ పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని నోలా వాళ్లతో వెళ్లేది. నోలా ఒకప్పుడు నర్సు, ఎనభై దాటింది. ఆమె వెనక ఊళ్లోని ఆడవాళ్లు అరడజను మంది. టీ తాగి కబుర్లాడుకోవడానికి పోతున్నారని క్లెమ్ లెక్క. గ్లెనిస్ తడి జుట్టుతో తిరిగొచ్చేది. ఎందుకు తడిసిందని అతను ఏనాడూ అడగలేదు. ఆమె వచ్చే వేళకి అతను ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడు.

ఆ దేశంలో జూలై అంటే నడి చలికాలం. ఆ నెల్లో ఒక ఆదివారం నగరం నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటాయన గాలం పట్టుకున్న తీరు చూసి క్లెమ్ ప్రాణం ఊరుకోలేదు.

"ఇక్కడ నిలబడితే నాచు తప్ప ఏదీ పడదు నాయనా. అదిగో, ఆ ఇసుకమేట మీదికి పోవాలి. చూడు, నేను చూపిస్తా."

"అంత లోపలికా? పోటు వస్తున్నట్టుంది కదండీ," అన్నాడాయన.

"పోటు సంగతి నాకు చెబుతున్నావా?" అని క్లెమ్ నవ్వి, తన గాలం కర్ర పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో నడుచుకుంటూ ఇసుకమేట ఎక్కాడు. అక్కణ్ణుంచి వాళ్లకి పాఠం మొదలెట్టాడు. గాలి ఎదురు కొడుతోందని గొంతు పెంచాడు. పాఠం సగంలో వెనక్కి చూస్తే, నడిచొచ్చిన దారి నడుంలోతు అయింది. తొందరపడి ఒక అడుగు వేశాడు. కాలికింద నేల లేదు.

ఏ పాయ గురించైతే జెట్టీ మీద అందరికీ ఉపన్యాసాలిచ్చాడో, ఆ పాయే అతన్ని సంచిలా ఎత్తుకుని లోపలికి పట్టుకుపోయింది. నీళ్లు చేరిన బూట్లు కిందికి లాగాయి. గాలం కర్ర వదల్లేదు, అది మాత్రం ఎందుకు వదల్లేదో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు. కర్ర పైకెత్తి ఊపాడు. ఒడ్డున ఆ కుటుంబమంతా సంతోషంగా చేతులూపింది. జెట్టీ మీద ముసలి జాలరి కూడా టోపీ ఎత్తాడు. అరుద్దామంటే నోటినిండా ఉప్పునీళ్లు.

అప్పుడే రాళ్ల పక్కన ఈత ముగించి తువ్వాలు చుట్టుకుంటున్న గ్లెనిస్ తల తిప్పింది.

"నోలా, మా ఆయన ఆగిపోయాడు," అంది.

"ఏం ఆగిపోయాడు?"

"మాట్లాడటం."

ఇద్దరూ తువ్వాళ్లు విసిరేసి, నోలా ఎప్పుడూ వెంట తెచ్చుకునే తేలుడు పలక పట్టుకుని నీళ్లలోకి దూకారు. క్లెమ్ రెండోసారి మునిగి లేచేసరికి ఎర్ర ఈత టోపీ ఒకటి అతని వైపే వస్తోంది. ఆ టోపీ కింద తన భార్య మొహం ఉండటం చూసి, పోయే ప్రాణం మనిషికి ఏవేవో చూపిస్తుందంటారు, ఇదే కాబోలు అనుకున్నాడు.

"పలక పట్టుకో. నన్ను కాదు, పలకని," అంది ఆ మొహం.

"గ్లెన్, నీకు ఈత..."

"నోరు మూసుకుని కాళ్లాడించు."

పాయకి ఎదురు పోకుండా, పక్కవాటుగా లాక్కుంటూ జెట్టీ అవతల ఇసుకలో పడేశారు అతన్ని. ముసలి జాలరి దిగొచ్చి తన కోటు కప్పాడు. "ఇంతకీ వైటింగ్ ఏ పోటుకొస్తుందన్నావు క్లెమ్?" అని అడిగాడు.

మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. బేకరీలో రొట్టె కోసం నిలబడితే, బేకరీ ఆవిడ పొట్లం కడుతూ "చేపలకి ఎరగా మనిషిని వేయడం కొత్తగా విన్నాం సుమా," అంది. వెనకున్నవాళ్లు నవ్వారు. క్లెమ్ ఇంటికొచ్చి, కారవాన్ పందిరి గుడ్డ విప్పడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నావు?" అంది గ్లెనిస్.

"పోదాం. మన ఊరు మనకుంది."

"నీకుంది. నేనిక్కడుంటాను. నోలా ఇంట్లో ఖాళీ గది ఉంది, అడిగాను కూడా."

క్లెమ్ తాడు కింద పెట్టాడు. "ఎప్పటి నుంచి ఈదుతున్నావు?"

"మే నెల నుంచి. చెబుదామనే చూశాను. నీ మాటల మధ్య సందు దొరకలేదు." కోపంగా అనలేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. "అరవయ్యెనిమిదేళ్లకి నాకంటూ ఒక పని వచ్చింది క్లెమ్. దాన్ని వదిలి రాను."

అతను కారవాన్ మెట్టు మీద కూర్చున్నాడు. భార్య ఇష్టం తెలిసిన మగాణ్ణని వేలంపాటల మధ్య ఎంతమందికి చెప్పుకున్నాడో గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. తర్వాత లేచి గుడ్డ మళ్లీ కట్టేశాడు.

ఆ వారమే నోలా అతన్ని రాళ్ల మధ్య మడుగులో దింపింది. నడుంలోతు నీళ్లు, చుట్టూ ఆరుగురు ముసలమ్మలు. "పొట్ట పైకి, గడ్డం పైకి. కుర్చీలో కూర్చున్నట్టు మడుచుకుపోతావేంటయ్యా?" అని ఒకావిడ, "దుంగ నయం, అదైనా తేలుతుంది," అని ఇంకొకావిడ. చలికి పళ్లు టకటకలాడుతుంటే క్లెమ్ చెప్పినట్టల్లా చేశాడు. ఆగస్టులో ఒకరోజు గ్లెనిస్ అతని వీపు కింద పెట్టిన చెయ్యి ఎప్పుడు తీసేసిందో అతనికి తెలియలేదు. తెలిశాక మునిగాడు, అది వేరే సంగతి.

సెప్టెంబరులో ఊరి నుంచి పక్కింటి ఆల్ఫ్ ఫోన్ చేశాడు. "ఏమైపోయారయ్యా ఇద్దరూ? మీ నిమ్మచెట్టు విరగ్గాసింది, కాయలన్నీ రాలిపోతున్నాయి."

"కోసుకో ఆల్ఫ్. మేం ఇప్పుడప్పుడే రాం."

"అంత పనేముంది అక్కడ?"

"ఈత నేర్చుకుంటున్నాను," అన్నాడు క్లెమ్.

ఆల్ఫ్ నవ్వడం మొదలెట్టాడు. బాగా పొడుగు నవ్వు. క్లెమ్ అడ్డం రాకుండా విన్నాడు. అవతల నవ్వు ఆగాక, "ఆ నిమ్మకాయలతో మార్మలేడ్ జామ్ చేస్తే మాకో సీసా ఉంచు," అని ఫోన్ పెట్టేసి, తువ్వాలు వెతుక్కున్నాడు.