ఆయన కూర్చున్నాక

అమెరికాలో, పిస్కాటవేలో మా అమ్మాయి పుట్టినరోజు పార్టీకి పక్కింటి నొమ్సా వాళ్ల నాన్నను కూడా తీసుకొచ్చింది. దక్షిణాఫ్రికాలో ఆయన ఒక తెగకు పెద్ద. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లకని విడగొట్టిన ప్రాంతానికి ఆయనను పేరుకు ముఖ్యమంత్రిని చేసి, ఆయన నోటితోనే సొంత జనాన్ని ఊరు ఖాళీ చేయమనిపించింది.

మా హాల్లో అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడే తింటున్నారు. అది చూసి ఆయన కంగారుగా కుర్చీ వెతుక్కుని కూర్చుని, "ఇక కూర్చోండి" అన్నారు. ఎవరూ కూర్చోలేదు. బిర్యానీ ముందు మావాళ్లకి మనిషి కనపడడు.

"మా దగ్గర పెద్ద కూర్చున్నాకే జనం కూర్చుంటారు చంద్రికా," అంది నొమ్సా మెల్లగా. "ఊరు ఖాళీ చేయమన్న రోజు నాన్న కూర్చున్నారు. ఒక్కరూ కూర్చోలేదు."

నేను వెళ్లి ఆయన ఎదురుగా కార్పెట్ మీద కూర్చున్నాను. ఆయన నన్ను చూడలేదు. నా వెనక నిలబడ్డవాళ్లనే చూస్తున్నారు.