పల్లీ ఉండల డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. నలభై ఉండలు పట్టే కడుపు, గట్టిగా లాగితే తప్ప ఊడని మూత, నాకున్నది అంతే. ఒక రేకుల షెడ్డులో యంత్రం కింద నలిగి ఈ రూపం తెచ్చుకున్నాను. నేను చూసిన మనుషుల్లో ఎక్కువమంది భయపడుతూనే కనిపించారు.

మొదట నన్ను కొన్నది హనుమకొండలో ఒక పళ్ల డాక్టరు. నాలో దూది ఉంచేవారు. నా మూత చప్పుడు వినగానే కుర్చీలోని పిల్లలు ఏడుపు లంకించుకునేవారు. వాళ్ల చేతులు పట్టుకుని సముదాయించడం కోమలమ్మ పని. ఇరవై ఆరేళ్లు ఆ క్లినిక్‌లో పనిచేసిందామె. చాక్లెట్లు తిని పుచ్చిపోయిన పాలపళ్లు ఎన్ని చూసిందో చెప్పలేను. మనుషుల తీరు విచిత్రం. పన్ను పీకించుకుని ఏడ్చే కొడుకును ఊరుకోబెట్టడానికి, గుమ్మం దాటగానే తండ్రి కొనిపెట్టేది మళ్లీ చాక్లెట్టే. క్లినిక్ మూసేసిన రోజున డాక్టరుగారు నన్ను గుర్తుగా కోమలమ్మ చేతిలో పెట్టారు.

ఆమెతోపాటు హైదరాబాదులో కూతురి అపార్టుమెంటుకు చేరాను. అక్కడ అక్టోబరు ఆఖరు రోజున హాలోవీన్ అని చెప్పి పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ వస్తారు. బెల్లు కొట్టి 'ట్రిక్ ఆర్ ట్రీట్' అంటే, వాళ్ల సంచుల్లో ఏదో ఒక తీపి వెయ్యాలి. మొదటి ఏడాది ఆ సంచుల నిండా చాక్లెట్లు చూసి కోమలమ్మకు ప్రాణం ఉసూరుమంది. మరుసటి ఏడు తన చేత్తో ఏదైనా మంచిది పెట్టాలనుకుంది. పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచి, బెల్లంతో ఉండలు కట్టింది. పళ్లకు చేటు లేదు, ఒంటికి బలం అని కూతురితో చెబుతూ నాలో సర్దింది. ఇన్నాళ్లకు పిల్లలు నన్ను చూసి నవ్వుతారని నేనూ పొంగిపోయాను.

సాయంత్రం ఆరింటికి బెల్లు మోగింది. గుమ్మంలో ఏడుగురు పిల్లలు. వాళ్లలో ఒకడు నాలుగో అంతస్తులో ఉండే మృదుల కొడుకు నిహాంత్. ఏడేళ్లవాడు. ముఖమంతా తెల్లరంగు, కళ్ల చుట్టూ నలుపు. అందరూ నాలో చెయ్యి పెట్టారు. వాడు మాత్రం పెట్టలేదు.

"ఇందులో నట్స్ ఉన్నాయా అమ్మమ్మా?"

"నట్స్ ఏం లెవ్వు బిడ్డా. పల్లీలు, బెల్లం, గంతే," అని తనే ఒక ఉండ తీసి వాడి చేతిలో పెట్టింది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో నట్స్ అంటే జీడిపప్పు, బాదంపప్పు. వాడి తప్పూ లేదు. తల్లి నేర్పిన ప్రశ్న నేర్పినట్టే అడిగాడు. పీనట్ అంటే వాడికి తెలుసు, పల్లీ అంటే తెలియదు. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం, వాడు ఉండను కొరికి కళ్లు పెద్దవి చేస్తే మురిసిపోయాను.

వాళ్లు ఇంకా మెట్లు దిగలేదు. గొంతు దురదగా ఉందన్నాడు నిహాంత్. దగ్గాడు. తర్వాత మెడ పట్టుకుని వింత చప్పుడు చేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. దయ్యం వేషం అదరగొడుతున్నాడని వాళ్లలో పెద్దపిల్ల మెచ్చుకుంది. అందరూ భయాన్ని నటించే రోజున నిజమైన భయాన్ని పోల్చుకునేదెవరు?

కోమలమ్మ నవ్వలేదు. నన్ను చంకలో ఇరికించుకుని వాడి ముందు కూలబడి, కొంగుతో వాడి ముఖం తుడిచింది. రంగు కింద చర్మమంతా ఎర్రగా దద్దుర్లు. పెదవులు ఉబ్బాయి. ఊపిరి ఈలలా వస్తోంది. క్లినిక్‌లో ఒకసారి మత్తుసూది పడక ఒక మనిషి ఇలాగే అయిపోవడం ఆమె చూసింది.

పెద్దపిల్లను మృదుల దగ్గరికి పరుగెత్తించి, తను వాడిని ఎత్తుకుని కిందికి దిగింది. అప్పుడే కారు దిగుతున్న పక్కింటాయన్ను మళ్లీ కారెక్కించింది. నన్ను మాత్రం వదల్లేదు. ఏం తిన్నాడని ఆసుపత్రిలో మొదట అడుగుతారని ఆమెకు తెలుసు.

ఆసుపత్రి దగ్గరే, కానీ సిగ్నల్ దగ్గర కారు ఆగిపోయింది. వాడు దగ్గుతుంటే భయమేసింది. దగ్గు ఆగిపోయాక అంతకన్నా ఎక్కువ భయమేసింది. నా కడుపులో మిగిలిన ఉండలు అటూ ఇటూ దొర్లుతున్నాయి. "నా చేత్తోని పెట్టిన," అని కోమలమ్మ గొణుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా మూత లాగి వాసన చూసింది. ఇంకేమీ అడగలేదు. వాడి తొడకు సూది వేసి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. అంతలో మృదుల చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో రాశాను కదా ఆంటీ," అంది. "వాడికి పల్లీలు పడవని ప్రతి ఏడాదీ రాస్తాను."

ఆ గ్రూపు కూతురి ఫోనులోనే ఉంది, కోమలమ్మ ఫోనులో లేదు. కోమలమ్మ ఆ మాట చెప్పుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి వాడి ఊపిరిలో ఈల తగ్గింది. వాడు మంచినీళ్లు అడిగాడు. అది విని కోమలమ్మ వెళ్లిపోయింది. నన్ను బెంచీ మీద మరిచిపోయింది.

మర్నాడు మృదుల నన్ను ఇంటికి తెచ్చింది. ఉండలన్నీ చెత్తలో గుమ్మరించింది. నన్నూ విసిరేస్తుందనుకున్నాను. వేడినీళ్లలో ముంచి తోమింది. ఎండబెట్టి మళ్లీ తోమింది. మూత అంచు మడతలో పుల్ల పెట్టి గీకింది. ఎక్కడో ఒక పలుకు దాక్కుని ఉంటుందని ఆమె భయం. నా భయమూ అదే. నిహాంత్‌కైతే అన్నమంటేనే భయం పట్టుకుంది. ఎవరేం పెట్టినా ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చునేవాడు. కోమలమ్మ ఆరోజు వాడిని ఎలా ఎత్తుకుని పరుగెత్తిందో పక్కింటాయన వచ్చి చెప్పాడు. అది విన్నాక మృదుల నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

తొమ్మిదో రోజు నాలో మరమరాల ఉండలు నింపి, కొడుకును వెంటబెట్టుకుని కిందికి దిగింది. పొరుగింటి గిన్నెను ఉత్తదిగా తిరిగివ్వడం ఆమెకు అలవాటు లేదు.

కోమలమ్మ తలుపు సగమే తీసింది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మరమరాలు, బెల్లం. ఇంకేం లేవు ఆంటీ," అంది మృదుల. "వచ్చే ఏడాది పిల్లలకు ఇవే చేద్దాం. నేనూ వస్తాను. ఏమేం వేశామో తలుపు మీద రాసి పెడదాం."

"నాకు ఎవరికీ ఏం పెట్టబుద్ధయితలేదు బిడ్డా."

నిహాంత్ తల్లి వెనకనుంచి ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "నువ్వే పెట్టు అమ్మమ్మా," అన్నాడు.

ఆమె వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు చాపి నా మూత లాగింది. ఒక ఉండ తీసి వాడి అరచేతిలో పెట్టింది. వాడు కొరికాడు, నమిలాడు, మింగాడు. ఆ ముద్ద గొంతు దిగేదాకా ఆడవాళ్లిద్దరూ రెప్ప వెయ్యలేదు.

"కొద్దిసేపు ఈడనే కూసో బిడ్డా," అంది కోమలమ్మ.

వాడు సోఫాలో కూర్చున్నాడు. ఒకవైపు తల్లి, ఒకవైపు కోమలమ్మ, ఎదురుగా బల్ల మీద నేను. గోడ గడియారంలో అరగంట గడిచేదాకా ఎవరమూ కదల్లేదు.