గడప మీద ఐదు వేళ్లు

నేను ఒక గడపను. కాకినాడలో రైలు పట్టాలకి అవతల, ఒక చిన్న డాబా ఇంటి వీధి గుమ్మంలో ఉంటాను. పొడవు నాలుగడుగులు, వెడల్పు సరిగ్గా నాలుగంగుళాలు. ఈ నాలుగంగుళాల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత దానితో పనుంది.

కిందటేడు ఒక శుక్రవారం పొద్దున్న నా దగ్గర పెద్ద గొడవ జరిగింది. విషయం మాత్రం చాలా చిన్నది. వరహాలమ్మగారు నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తడి పసుపులో ఐదు వేళ్ల గుర్తులున్నాయి.

"ఎవరే గడప తొక్కింది?"

వంటింట్లోంచి కోడలు నాగసుధ పరుగున వచ్చింది. ఆవిడ నన్ను చూడలేదు, నేల చూసింది. కొత్తగా వేయించిన తెల్ల టైల్సు మీద పచ్చటి అడుగులు హాలు దాటి గదిలోకి పోయాయి.

"అయ్యో, నా టైల్సు! పసుపు కాస్త పల్చగా రాయండని ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా?"

"నీ టైల్సు కోసం గడపని బోడిగా వదిలెయ్యనా?"

సత్తిబాబు పేపరు దించకుండానే, "పిల్లి అయ్యుంటుందిలే అమ్మా," అన్నాడు.

"పిల్లి పాదం ఇంతుంటుందిట్రా? మడమ చూడు, పడనే లేదు. మునివేళ్ల మీద నడిచే పిల్లి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది."

ఆ పిల్లి పేరు హిమజ. అప్పుడు దానికి పద్నాలుగేళ్లు. గదిలో గోడకి కాళ్లు ఆనించి తలకిందులుగా నిలబడి, ఈ మాటలన్నీ వింటూ నవ్వాపుకుంటోంది.

వరహాలమ్మగారి నమ్మకం ఏమిటంటే, గడప అంటే లక్ష్మి, దాన్ని దాటాలేగాని తొక్కకూడదు. నాకు ఆ గౌరవం బాగానే ఉండేది. కాని నా గతం ఆవిడకి తెలియదు. సామర్లకోటలో ఒక వడ్రంగి మద్ది దుంగలోంచి నన్ను చెక్కాడు. మొదట హార్బరులో పనిచేసే ఒక గుమాస్తా ఇంట్లో పాతికేళ్లున్నాను. ఆ తరవాత ఆ ఇల్లు ఒక హోమియో డాక్టరుగారు కొన్నారు. ఆయన దగ్గరికి వచ్చిన రోగులందరూ, నొప్పులవాళ్లూ దగ్గులవాళ్లూ, నా మీద కాలేసే లోపలికి వెళ్లారు. ఆ ఇల్లు పడగొట్టాక పాత సామాన్ల కొట్లో మూడేళ్లు ఎండకి ఎండాను. అక్కడ వరహాలమ్మగారు నన్ను చూసి, నా నడుమ అరిగిన పల్లం తడిమి, "ఎంతమంది ఇల్లాళ్లు పసుపు రాసి రుద్దితే ఇంత నునుపొచ్చిందో!" అని మురిసిపోయి కొనిపించింది. నేనేం మాట్లాడలేదు. గడపలు మాట్లాడవు కదా!

సరిగ్గా ఆ పల్లంలోనే హిమజ వేళ్లు కుదురుకునేవి.

దానికి ఏడో ఏట స్టేడియంలో జిమ్నాస్టిక్స్ నేర్పించడం మొదలుపెట్టారు. అక్కడ బీమ్ అని ఒకటుందట. పదహారడుగుల పొడవు, మనిషి గుండెలెత్తున ఉంటుందట. వెడల్పు మాత్రం నాలుగంగుళాలే. దాని మీద నడవాలి, ఎగరాలి, పల్టీ కొట్టాలి, ఏమీ జరగనట్టు నవ్వుతూ నిలబడాలి! ఆనందరావు మాస్టారు పిల్లలతో, "ఇంట్లో నాలుగంగుళాల వెడల్పున్నది ఏదైనా వెతుక్కుని రోజూ దాని మీద నిలబడండి," అన్నాడట. మిగిలిన పిల్లలు పిట్టగోడలు వెతుక్కున్నారు. ఇది ఇంటికొచ్చి, స్కేలు పెట్టి నన్ను కొలిచింది. కొలిచి కెవ్వున కేక వేసింది. నా వెడల్పు చూసి అంత సంబరపడ్డవాళ్లని నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజునుంచి మామ్మ కళ్లు గప్పి నా మీదే సాధన. పొద్దున్న అయిదింటికి స్టేడియానికి వెళుతూ ఒక చుట్టు, బడినుంచి వచ్చాక పది చుట్లు. ఒక కాలి మునివేళ్ల మీద లేచి, చేతులు పైకెత్తి, గిర్రున తిరిగి, రెండో కాలు కింద పెట్టకుండా ఆగాలి. వందసార్లు తూలేది. నూటొకటోసారి నిలిచేది. అప్పుడు దాని బొటనవేలు నన్ను నొక్కి పట్టుకునేది చూడండి, ఆ పట్టుకి నా చెక్కలో ప్రాణం పోసినట్టయ్యేది! చేతులకి కాయలు కాశాయి. టీవీ చూస్తూ కాళ్లు రెండు పక్కలకీ బార్లా చాపి కూర్చుని అన్నం తినేది. "ఆడపిల్లవా, కత్తెరవా?" అనేది వాళ్ల మామ్మ.

పోయిన శ్రావణ మాసంలో ఒక సాయంకాలం హిమజ నన్ను తొక్కకుండా ఇంట్లోకి వచ్చింది. వాళ్ల నాన్న చేతుల మీద వచ్చింది. బీమ్ మీదనుంచి పల్టీ కొట్టి దిగుతుంటే పరుపు అంచున కుడి పాదం పడి మడతపడిందట. చీలమండ దగ్గర నరం తెగిందన్నారు. ఏడేళ్లుగా వరహాలమ్మగారు కోరుకున్నదీ ఇదే, పిల్ల గడప తొక్కకుండా దాటడం. అది తీరినందుకు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"గడప తొక్కిన పాపమే ఇది. నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యరా సత్తీ, మళ్లీ దాన్ని ఆ గంతులకి పంపనని!"

సత్తిబాబు తల్లి మాట దాటి ఎరగడు. ఒట్టు వేశాడు. నేను మైలున్నర దూరంలో నా గుమ్మంలో నేనున్నాను, నాకేం పాపం తెలుసు? అయినా కేసు నా మీదే పడింది.

ఆరు వారాలు కట్టు. ఆ తరవాత ఆరు నెలలు రబ్బరు పట్టీ కాలికి తగిలించి లాగడం, గోడ పట్టుకుని నిలబడడం. డాక్టరు "మెల్లగా మొదలుపెట్టొచ్చు," అన్నాడు. అదే వారం మాస్టారు ఇంటికొచ్చి ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. రాష్ట్ర జట్టు ఎంపికలు విజయవాడలో. తండ్రి సంతకం పెట్టి ఇరవై రోజుల్లోగా, ఫలానా శనివారం సాయంకాలానికి ఇవ్వాలి. ఈ ఏడు తప్పితే హిమజ వయసు దాటి పెద్దవాళ్ల విభాగంలోకి పోతుంది, ఏడేళ్ల కష్టానికి మళ్లీ మొదటినుంచీ వరస కట్టాలి. సత్తిబాబు ఆ కాగితాన్ని టీవీ కింద పెట్టి, దాని మీద రిమోట్ పెట్టాడు. సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.

వరహాలమ్మగారు మాత్రం ఊరుకోలేదు. మర్నాడు మంగళవారం, నాకు పసుపు దళసరిగా రాసింది. ఎవరు కాలు పెట్టినా అచ్చు పడాలని! రోజూ అయిదింటికి గుడికి వెళ్లి ఆరింటికి వస్తుంది. ఆ గంటలో హిమజ పెరట్లో కాళ్లు కడుక్కుని, తడి కాళ్లతో మెల్లగా నా మీదికి ఎక్కింది. గుమ్మం పట్టుకుంది. తరవాత వదిలేసింది. కుడికాలు వణికిన వణుకు నాకే తెలుసు.

ఆరింటికి మామ్మ వచ్చింది. వంగి చూసింది. ఎడమ పాదం నిండుగా పడింది. కుడిది బయటి అంచు మాత్రమే, గీత గీసినట్టు. నేను అరుపులకి సిద్ధపడ్డాను. ఆవిడ అరవలేదు. తరవాత లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి, ఎవరూ చూడకుండా తుడిచేసింది.

మర్నాడు బుధవారం, గడపకి పసుపు రాసే రోజు కాదు. అయినా మళ్లీ పసుపు రాసింది. ఈసారి పల్చగా, నున్నగా, పలక అలికినట్టు రాసింది. అక్కడినుంచి రోజూ అదే. నాగసుధ డబ్బా ఊపి చూసి, "ఇంట్లో పసుపు తాగుతున్నారా ఏవిటి?" అంది.

ఇక చూడండి నా అవస్థ! నా మీద ఒకరు రాస్తారు, ఒకరు చదువుతారు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్కమాట అనుకోరు. తడి ఆరితే అచ్చు కనపడదని, మామ్మకి ఏమీ తెలియదని పిల్ల ధీమా. నాలుగో రోజు కుడి మడమ పడింది. వారానికి పాదం నడుమ దాకా వచ్చింది. ఒకరోజు అసలు అచ్చే పడలేదు. ఆ రోజు నొప్పెక్కి హిమజ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ సాయంకాలం మామ్మ ఖాళీ పసుపు చూసి గుడి ప్రసాదం పిల్ల చేతిలో పెట్టి, "కాలికి వేణ్ణీళ్లు పెట్టుకో," అంది. అంతే. రెండు వారాలకి రెండు పాదాలూ జోడు చెప్పుల్లా సమానంగా పడ్డాయి. నేను రోజులు లెక్కపెడుతున్నాను. ఇంకా అయిదు. ఇంకా మూడు. కాగితం రిమోట్ కిందే ఉంది.

శుక్రవారం సాయంకాలం హిమజ నా మీదికెక్కి, చేతులు పైకెత్తి, కుడి మునివేళ్ల మీద లేచింది. ఎనిమిది నెలల తరవాత! పల్లంలో బొటనవేలు కుదురుకుంది. ఊపిరి బిగబట్టింది. గిర్రున తిరిగింది. ఎడమకాలు కిందికి రాలేదు. తూలలేదు. అలాగే నిలబడి, పక్కింట్లో కుక్క అరిచేంత గట్టిగా నవ్వింది.

ఆరింటికి మామ్మ వంగింది. పసుపులో ఐదు వేళ్లు, వాటి చుట్టూ చక్కగా గుండ్రటి సున్నా. ఇంకో పాదం జాడే లేదు. ఆవిడ ఆ సున్నా చుట్టూ వేలితో మెల్లగా ఒక చుట్టు తిప్పింది. ఆ రోజు తుడవలేదు.

మర్నాడే ఆ శనివారం. మధ్యాహ్నం నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. నా దగ్గరినుంచి బల్ల తిన్నగా కనిపిస్తుంది. దోసకాయ పప్పు, వంకాయ వేపుడు. హిమజ మెతుకులు కెలుకుతోంది. సత్తిబాబు టీవీ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నాడు.

వరహాలమ్మగారు మజ్జిగ పోసుకుంటూ, "సత్తీ, చెయ్యి కడుక్కున్నాక ఆ కాగితం మీద సంతకం పెట్టు," అంది.

సత్తిబాబుకి పొలమారింది. "ఒట్టు వేయించావు కదమ్మా!"

"నా నెత్తి మీదే కదరా. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను, పో."

"అత్తయ్యా, కాలు పూర్తిగా..." నాగసుధ అనబోయింది.

"కుడికాలి మీద పూర్తి చుట్టు తిరిగింది. నిన్న. నేను చూశాను."

"మీరు గుడికి వెళ్లారు కదా?"

"వెళ్లాను. వచ్చాను." ఆవిడ మనవరాలి వైపు తిరిగింది. "ఒసే, ఆ చివర పల్టీ కొట్టి దూకేది మాత్రం ఈసారికి వద్దు. మామూలుగా దిగు."

హిమజ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. కళ్లు ఇంతయ్యాయి. "మాస్టారు కూడా అదే అన్నారు మామ్మా!"

"అన్నాడా? బుద్ధిమంతుడే." ఆవిడ మజ్జిగలో ఉప్పు కలుపుకుని, ఇంటి పని ఏదో పురమాయిస్తున్నట్టు మామూలు గొంతుతో చెప్పింది: "సుధా, రేపటినుంచి గడపకి పసుపు శుక్రవారమే. మిగతా ఆరు రోజులూ గడప దానిది."